గువ్వ కంట్లోంచి తీసినది

డ్రైవింగ్ నేర్పేవాళ్ళకి ముందున్న రోడ్డు కంటే వెనకున్న రోడ్డు మీద ధ్యాస ఎక్కువ. ఆమెకీ అంతే. పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, "అద్దం చూడు, ముందు అద్దం చూడు" అని గొంతు బొంగురుపోయేదాకా అరవడమే ఆమె ఉద్యోగం. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆమె చేత తిట్లు తినకుండా స్టీరింగు పట్టుకున్న మనిషి లేడు. అందరికీ ఆమె టీచరమ్మే. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "నేను జనాన్ని పైకీ కిందికీ తిప్పుతాను, మా ఆవిడ ముందుకీ వెనక్కీ తిప్పుతుంది. మా ఇంట్లో కుదురుగా కూర్చునేది మా అమ్మ ఒక్కతే" అని ఆయన నవ్వించేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేలా ఉందని నాయనమ్మ 'గువ్వ' అంది. బడి రిజిస్టరులో వేరే పేరున్నా, పిలిచేవాళ్ళందరికీ గువ్వే.

గువ్వకి రెండేళ్ళు నిండిన కొత్తలో ఒక సాయంత్రం, టీచరమ్మ పాఠాలు ముగించుకుని అత్తగారినీ కూతుర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి వస్తోంది. వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. సిగ్నల్ దగ్గర ఆగి అలవాటు చొప్పున అద్దంలోకి చూసింది. ఎదురుగా మలుపు తిరుగుతున్న బస్సు లైటు పాప ముఖం మీద పడింది. కుడికన్ను నల్లగానే ఉంది. ఎడమ కంటిపాపలో మాత్రం తెల్లటి మెరుపొకటి పిల్లికన్నులా మెరిసి, బస్సు దాటిపోగానే ఆరిపోయింది.

"అత్తయ్యా, పాప కన్ను చూడండి."

"ఏమైందే, నలుసు పడిందా?"

"కాదు. మెరుస్తోంది."

అత్తగారు పాప గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేసింది. "మెరవక ఏం చేస్తుంది! మా పుట్టింటివాళ్ళవన్నీ పిల్లికళ్ళే. మా నాన్న చూపుకి పెళ్ళివారే జడుసుకునేవారట. ఆ కళ్ళు నాకు రాలేదు, మీ ఆయనకీ రాలేదు. ఎన్నాళ్ళకి నా మనవరాలికి వచ్చాయి!"

పిల్లికళ్ళయితే రెండూ పిల్లికళ్ళే కావాలి కదా అనుకుంది టీచరమ్మ. మర్నాడు పొద్దున్న పాఠాలన్నీ మానుకుని భర్తతో కలిసి పాపని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

కంటి డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. పాపకి మత్తిచ్చి రెండు కళ్ళూ లోపలిదాకా చూసింది. తర్వాత బయటికి వచ్చి, నిలబడి చెప్పకుండా, కుర్చీ లాక్కుని మొగుడూ పెళ్ళాలకి ఎదురుగా కూర్చుంది. ఆ కుర్చీ లాగడంలోనే టీచరమ్మకి సగం అర్థమైపోయింది.

"ఎడమ కన్ను వెనక పొరలో గడ్డ ఉందమ్మా. కేన్సరే. చిన్నపిల్లలకి వచ్చే రకం. కన్నంతా నిండిపోయింది, చూపు ఎప్పుడో పోయింది. కుడికన్ను శుభ్రంగా ఉంది. గడ్డ కన్ను దాటి వెళ్ళేలోపు ఆ కన్ను తీసెయ్యాలి. తీసేస్తే పాప బతుకుతుంది. మీరు తొందరగానే తీసుకొచ్చారు."

మెకానిక్ 'కన్ను తీసెయ్యాలా' అనే మళ్ళీ మళ్ళీ అడిగాడు. టీచరమ్మకి మాత్రం ఆ కడపటి మాటే చెవిలో పడింది. తొందరగా తీసుకొచ్చాను. అంటే ఇంకా దారుంది.

ఇంట్లో అత్తగారిని ఓదార్చడం ఇంకో పెద్ద పనైంది. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని, "నా పుట్టింటి కళ్ళని మురిసిపోయాను, నా నోరు పడిపోను. మా వంశంలో ఉన్న పాపమే దీనికి చుట్టుకుంది" అని ఒకటే ఏడుపు. ఈ జబ్బు కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే ఒంటి కణాలన్నిటిలో ఉంటుందనీ, కొంతమందికి ఆ కంటి వరకే వస్తుందనీ, రక్తపరీక్ష చేస్తే గాని తెలియదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ఫలితం వచ్చేదాకా అత్తగారు గువ్వని ఎత్తుకోవడానికి కూడా వెనకాడింది.

ఆపరేషన్ రోజున టీచరమ్మ వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగా, కళ్ళజోడు పెట్టుకున్న ఒక బక్కపల్చని అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో ఐస్ పెట్టె. ఆసుపత్రిలో అందరూ ఆమెను ఐస్ పెట్టె అమ్మాయి అంటారని తర్వాత తెలిసింది. ఆ వెనక వీధిలో ఉన్న పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తుంది.

"మేడమ్, ఇలాంటి సమయంలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. కన్నుతో పాటు గడ్డ కూడా వస్తుంది. డాక్టర్లు చేసే పరీక్షకి కొంత కావాలి. మిగిలింది మామూలుగా పారేస్తారు. మీకు ఇష్టమైతే అది మా ల్యాబ్‌కి ఇస్తారా? ఈ జబ్బు ఎలా పెరుగుతుందో చూడ్డానికి. ఇవ్వనంటే పాప వైద్యానికి ఏ లోటూ రాదు."

టీచరమ్మ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. "తీసుకుపో. ఏం చేసుకుంటావో చేసుకో. కాల్చుకుంటావో పాతుకుంటావో నాకు చెప్పొద్దు. అది మళ్ళీ నా కంట పడకూడదు."

"థాంక్సండీ."

"ఏమిచ్చానని థాంక్స్?" అని విరుచుకుపడింది టీచరమ్మ. ఆ అమ్మాయి తల వంచుకుని పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ కన్ను దాటలేదు. రక్తంలో కూడా ఆ దోషం లేదని తేలింది. డాక్టరమ్మ ఆ మాటని ప్రత్యేకంగా అత్తగారికే ఫోన్‌లో చెప్పింది. "పెద్దమ్మా, ఇది మీ వంశంలోంచి రాలేదు. మీ కోడలి వంశంలోంచీ రాలేదు. ఆ ఒక్క కంట్లోనే ఎక్కడో మొదలైంది. ఎవరి తప్పూ లేదు." అత్తగారు ఫోన్ పెట్టేసి, లోపలికి వెళ్ళి గువ్వని ఎత్తుకుంది. ఆ రోజంతా చంక దింపలేదు. "ఆ డాక్టరమ్మ కడుపు చల్లగా ఉండాలి" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకుంది.

కొన్నాళ్ళకి గువ్వకి పెట్టుడు కన్ను అమర్చారు. అది తయారుచేసే ఆయన పాప కుడికన్నుని ఎదురుగా పెట్టుకుని, సన్నటి కుంచెతో గోధుమరంగు చారలు ఒక్కొక్కటే వేశాడు. గువ్వ దానికి ఎంత అలవాటు పడిందంటే, ఒకసారి దాన్ని తీసి నాయనమ్మ కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆవిడ పేపరు చదువుదామని పెట్టె తెరిచి, తననే చూస్తున్న కన్నుని చూసి పెట్టిన కేక విని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ ఇంట్లో మళ్ళీ కడుపుబ్బ నవ్వింది ఆ రోజే.

గువ్వ బడికి వెళ్ళసాగింది. క్లాసులో ఒకడికి పన్ను ఊడితే వాళ్ళమ్మ దాన్ని చిన్న డబ్బాలో దాచిందట. గువ్వ ఇంటికి రాగానే తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నా పాత కన్ను ఏ డబ్బాలో దాచావు?"

టీచరమ్మ కొంగు విడిపించుకుని బడి సంచి సర్దసాగింది. మెకానిక్ కలగజేసుకుని "డాక్టరమ్మ దగ్గర భద్రంగా ఉందే" అన్నాడు. "అయితే చూద్దాం పద" అంది గువ్వ.

మళ్ళీ పరీక్షకి వెళ్ళినప్పుడు టీచరమ్మ ఆ మాట డాక్టరమ్మ చెవిన వేసింది. "కన్ను లేదమ్మా. ఆ గడ్డలోంచి ఇచ్చిన ముక్క మాత్రం... ల్యాబ్ అమ్మాయిని అడగాలి. తను ఒప్పుకుంటే, మీకు చూసే ధైర్యం ఉంటే, వెళ్ళి రండి."

ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. అలా ఒక సెలవు రోజు ముగ్గురూ ల్యాబ్‌కి వెళ్ళారు.

టీచరమ్మ ఏదో అద్దాల మేడని ఊహించుకుంది. తీరా చూస్తే మూడో అంతస్తులో ఇరుకు గది. గోడ పొడవునా బల్లలు, గుర్రుగుర్రుమనే ఫ్రీజర్లు, గ్లౌజుల పెట్టెలు, ఒక ఫ్రిజ్ మీద 'ఇందులో తినేవి పెట్టకండి, పెట్టినవాళ్ళు తినకండి' అని అంటించిన కాగితం. లిఫ్టు కిర్రుమందని మెకానిక్ అప్పటికే మొహం చిట్లించి ఉన్నాడు. ఐస్ పెట్టె అమ్మాయి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆమె కళ్ళలో భయం చూసి టీచరమ్మకి ఆశ్చర్యమేసింది. పరీక్షకొచ్చిన శిష్యుల మొహాల్లో ఉండే భయమే అది.

"ముందు కొంచెం చెప్పి చూపిస్తానండీ. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పెద్ద పుస్తకం ఉందనుకోండి..."

"పుస్తకం వద్దమ్మా, పుస్తకమంటే నాకు నిద్రొస్తుంది. కారు మీద చెప్పు."

ఆ అమ్మాయి కళ్ళజోడు సర్దుకుంది. "నాకు కారు నడపడం రాదండీ. సరే, ప్రయత్నిస్తాను. కణానికి కూడా బ్రేకులుంటాయి. ఇంక పెరగొద్దు, ఆగు అని చెప్పేవి. పాప కంట్లో ఒక కణంలో అన్నిటికంటే ముఖ్యమైన బ్రేకు పోయింది."

"బ్రేకు పోయిన బండి సంగతి నాకు చెప్పక్కర్లేదు. తర్వాత?"

"తర్వాత అది ఎందుకు అంత జోరుగా పెరిగింది అన్నది మా పని. కణం తన పనుల కోసం తన జన్యువుల్లోంచి ఆర్‌ఎన్‌ఏ అని నకళ్ళు రాసుకుంటూ ఉంటుంది. కొన్ని నకళ్ళని చూసి ప్రొటీన్లు తయారుచేస్తుంది. కానీ చాలా నకళ్ళతో ఏ ప్రొటీనూ తయారు కాదు. చాలాకాలం వాటిని చెత్త అన్నారు. ఊరికే పడి ఉంటాయి అన్నారు."

"ఊరికే పడి ఉండేవాళ్ళు ఎక్కడా ఉండరమ్మా. ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు."

"అవునండీ, చేస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని చిన్నవి ఉన్నాయి. అవి స్టీరింగ్ పట్టుకోవు. మీలాగా పక్కన కూర్చుని, కణం మితిమీరి పోతుంటే ఆపుతాయి. కొన్ని పొడుగువి ఉన్నాయి. వాటిలో ఒక రకం, ఆ చిన్నవాటిని పట్టుకుని కదలనివ్వదు. పాప గడ్డలో ఆ రకం మామూలు కంటే చాలా ఎక్కువుంది."

టీచరమ్మ తన కాలు తానే చూసుకుంది. "అంటే, నేను బ్రేకు తొక్కబోతుంటే కింద కూర్చుని నా కాళ్ళు పట్టుకుంటుందన్నమాట!"

"అదే! అదేనక్కా!" అంది ఆ అమ్మాయి. 'మేడమ్' పోయి 'అక్క' వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

తర్వాత వెచ్చటి అలమారలోంచి, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ గిన్నె ఒకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. అందులో లేత గులాబీరంగు నీళ్ళున్నాయి. "పాప గడ్డలోంచి వచ్చిన కణాలు ఇవే. అప్పటినుంచీ పెంచుతున్నాం."

టీచరమ్మ వంగి చూసింది. నీళ్ళలో గుండ్రటి కణాలు గుత్తులు గుత్తులుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"ఇవి... ఇంకా బతికే ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

టీచరమ్మ మైక్రోస్కోప్ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నీ పాడె గట్ట! నీ వేళ్ళు కుళ్ళిపోను! నా బిడ్డ కన్ను మింగింది చాలక ఇక్కడ కూర్చుని తేరగా మేస్తున్నావా? ముద్ద ముద్దకీ ముల్లు దిగా! సిగ్గూ శరం లేదటే నీకు? నిన్ను..."

గదిలో పనిచేసుకుంటున్నవాళ్ళు చేతులాపి చూశారు. మెకానిక్ ఆమె భుజం తట్టాడు. "ఏయ్, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి!"

"తిట్టనివ్వండి సార్" అంది ఆ అమ్మాయి. "మేమూ రోజూ తిడుతూనే ఉంటాం. మాకు ఇంత బాగా రాదు."

అవతల బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇప్పుడు ఇది చూడండి" అని ఆ అమ్మాయి ఇంకో గిన్నె పెట్టింది. "ఇవీ అవే కణాలు. వీటిలో ఆ కాళ్ళు పట్టుకునే దాని నోరు నొక్కేశాం."

ఈసారి గుత్తులు లేవు. అక్కడక్కడ నాలుగైదు కణాలు ముడుచుకుపోయి, వడలిపోయి ఉన్నాయి. కొన్ని పగిలి తునకలైపోయాయి. టీచరమ్మ చాలాసేపు తల ఎత్తలేదు.

"చస్తున్నాయి."

"చస్తున్నాయి. కానీ అక్కా, మీకు అబద్ధం చెప్పను. ఇది గిన్నెలో మాత్రమే. ఒంట్లో ఇలాగే జరుగుతుందని చెప్పలేను. ఇది మందు కావడానికి ఏళ్ళు పడుతుంది. కాకపోనూవచ్చు."

"కాకపోతే?"

"ఎందుకు కాలేదో తెలుస్తుంది. మళ్ళీ మొదలుపెడతాం." ఆ అమ్మాయి చేతులకున్న గ్లౌజులని వేలు వేలూ లాగి తీసింది. "ఇంకోటి కూడా చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. చాలామంది తల్లిదండ్రులు ముక్కలిచ్చారు. అవి గిన్నెలో బతకలేదు. పాపది బతికింది. వేరే దేశాల ల్యాబ్‌లకి కూడా పంపాం, వాళ్ళూ దీనిమీదే పనిచేస్తున్నారు. ఆ రోజు మీరు ఇవ్వకపోయుంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు."

"ఆ రోజు నేను ఇచ్చింది దానం కాదమ్మాయ్. కోపం."

"కోపంతో ఇచ్చినా మాకు చేరిందక్కా."

అప్పటిదాకా తండ్రి చేయి పట్టుకుని నిలబడ్డ గువ్వకి ఓపిక అయిపోయింది. "నేనూ చూస్తా" అంది. ఎత్తు బల్ల వేసి ఎక్కించారు. ఐస్ పెట్టె అమ్మాయి అలవాటుగా, "ఈ గొట్టంలోంచి చూడాలి పాపా. ఒక కన్ను మూసుకుని..." అని, ఠక్కున నాలిక్కరుచుకుంది.

గువ్వ మాత్రం గొట్టానికి కుడికన్ను ఆనించి, "నాకు మూయక్కర్లేదుగా! నాన్నకైతే మూసుకోవాలి" అంది, పందెం గెలిచినట్టు.

మెకానిక్ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గోడవైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ద్రాక్షపళ్ళు!" అంది గువ్వ. "నా పాత కన్ను ఇదేనా?"

"కన్ను కాదురా" అంది ఐస్ పెట్టె అమ్మాయి. "కంట్లో దూరిన చెడ్డది."

"చెడ్డదైతే ఎందుకు పెంచుతున్నారు?"

"ఇంకో పాప కంట్లో దూరితే ఎలా ఆపాలో నేర్చుకోవడానికి."

"నేర్చుకున్నారా?"

"కొంచెం."

"సరే, బాగా నేర్చుకోండి" అంది గువ్వ, వాళ్ళ బడి పంతులమ్మ గొంతుతో.

బయటికి వచ్చి కారెక్కాక టీచరమ్మ తాళం తిప్పలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని ఏ చెత్తకుండీలోనో, ఏ పొయ్యిలోనో ఊహించుకుని, ఊహించుకున్నప్పుడల్లా తల విదిలించేది. ఎవరో ఒక పిల్ల దాన్ని ఐస్‌లో పెట్టుకుని తీసుకెళ్ళి, రోజూ నీళ్ళు మార్చి, పండగలూ సెలవులూ మానుకుని దాని వెంట పడిందని తనకేం తెలుసు? "ఏమీ కాని ముక్క అనుకున్నామండీ" అంది భర్తతో. ఆయన తల ఊపాడు. "ఆ లిఫ్టు సంగతి రేపు నేను చూస్తాను" అన్నాడు. ఆయన కృతజ్ఞత అలాగే బయటపడుతుంది. అన్నట్టే మర్నాడు వెళ్ళి, ఎవరూ అడక్కుండానే దానికి నూనె పెట్టి, పట్టాలు బిగించి వచ్చాడు.

టీచరమ్మ కృతజ్ఞత ఇంకోలా బయటపడింది. ఐస్ పెట్టె అమ్మాయి ఎండలో బస్సు కోసం నిలబడి ఉండగా ఒకరోజు కారు ఆపింది.

"ఇంత చదువు చదివి బండి నేర్చుకోలేదేం?"

"భయమక్కా."

"కేన్సర్‌తో కాపురం చేస్తున్నదానివి, నీకు భయమేంటి? రేపట్నుంచి పొద్దున్నే రా."

వచ్చింది. టీచరమ్మ జీవితంలో అంతకంటే పనికిమాలిన శిష్యురాలిని చూడలేదు. ప్రతి మలుపు దగ్గరా ముందు ఆగి, ఆలోచించి, అప్పుడు ఇంజన్ ఆపేసేది. "ఇదేమన్నా నీ గిన్నెనా తల్లీ, చూసి రాసుకోవడానికి? తిప్పు!" అని టీచరమ్మ, "తిప్పుతున్నానక్కా, అరవకండి" అని ఆ అమ్మాయి. లైసెన్స్ పరీక్ష తప్పింది. మళ్ళీ తప్పింది. టీచరమ్మ విసుక్కోలేదు. అంతవరకూ ఎవరినీ విసుక్కోకుండా వదలని మనిషి, ఈ అమ్మాయికి మాత్రం ఓపిగ్గా నేర్పింది. చివరికి పాసైన రోజున అత్తగారు ఆ అమ్మాయిని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా వడ్డించింది. "మా గువ్వ కోసం నువ్వు పడే కష్టం ఊరికే పోదే తల్లీ" అంది. గువ్వ వల్ల తను పడే కష్టానికి అర్థం దొరికిందని చెప్పాలనుకుని, చెప్పడం చేతకాక ఆ అమ్మాయి ఇంకో ముద్ద తినేసింది.

లైసెన్స్ వచ్చినా ఒంటరిగా నడపడానికి ధైర్యం చాలక, కొన్నాళ్ళు టీచరమ్మని పక్కన కూర్చోమనేది. అలా వెళ్తున్న ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఒక బాబుకి ఆపరేషన్. ఐస్ పెట్టె వెనక సీట్లోనే ఉంది. ఇద్దరూ అటే వెళ్ళారు.

వరండాలో ఒక చిన్న వయసు తల్లి, ఒళ్ళో బాబు చొక్కా పెట్టుకుని కూర్చుంది. ఐస్ పెట్టె అమ్మాయి దగ్గరికి వెళ్ళి మెల్లగా మాట్లాడింది. ఆ తల్లి తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా నమస్కారం పెట్టి తిరిగి వచ్చింది.

"ఇవ్వనన్నారక్కా."

"ఏమంటావు మరి?"

"ఏమంటాను? అది వాళ్ళ ఇష్టం. బాబు బాగుంటే చాలు."

టీచరమ్మ ఆ మాట విని ఆ అమ్మాయి తల నిమిరింది. తర్వాత వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంది. ముక్క సంగతి ఎత్తలేదు.

"మా పాపకీ ఇదే వచ్చిందమ్మా. ఇక్కడే చేశారు."

ఆ తల్లి గిరుక్కున తిరిగింది. "ఇప్పుడెలా ఉంది?"

"ఎలా ఉంటుంది, నా మాట వినకుండా ఉంది. సైకిల్ కొనివ్వమని ప్రాణం తీస్తోంది."

"సైకిల్ తొక్కగలదా? ఒక్క కన్నుతో?"

"తొక్కుతుంది. మెట్లు మొదట్లో తడబడేది. తర్వాత అలవాటైపోయింది. పిల్లలు మనకంటే తొందరగా నేర్చుకుంటారు."

ఆ తల్లి ప్రశ్నలు ఆగలేదు. నొప్పి ఉంటుందా, నిద్రపోతాడా, బడిలో ఏడిపిస్తారా, రెండో కంటికి వస్తుందా. టీచరమ్మ తెలిసినవి చెప్పింది, తెలియనివి డాక్టరమ్మని అడగమంది. అవతలి పక్కన ఐస్ పెట్టె అమ్మాయి కూడా వచ్చి, ఖాళీ పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. ల్యాబ్‌లో పనున్నా లేవలేదు.

ఇంతలో టీచరమ్మ ఫోన్ మోగింది. పాఠానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డ శిష్యుడు.

"ఇవాళ పాఠం లేదు నాయనా, రేపు రా" అని చెప్పి ఫోన్ సంచిలో పడేసింది.

ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికి వచ్చి, ఆ తల్లికి ఎదురుగా నిలబడే, "బాగా జరిగిందమ్మా. కాసేపట్లో లేస్తాడు, వెళ్ళి దగ్గర కూర్చో" అంది. ఆ తల్లి పక్కనున్న టీచరమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది. టీచరమ్మ ఆమెను లేపి నిలబెట్టి, చేయి విడిపించుకోకుండానే, బాబు ఉన్న గదివైపు ఆమెతో పాటు నడిచింది.